మునుపటి పేరు

మదనపల్లె,
11-6-1978.

అమ్మా బుజ్జమ్మా,

మీ అన్న కదిరప్ప రాస్తాండాడు. ఈడ నేనూ మీ వదినా బాగుండాము. కుప్పంలో నువ్వు ఎట్లుండావో రాయి. జాబు రాసి నెల దాటిందని తిట్టుకోవద్దు. బడులు తెరిచే కాలంలో మా బైండింగు అంగట్లో ఊపిరాడదు. నోటు పుస్తకాలు కుట్టీ కుట్టీ, ఆ మైదా జిగురు వాసనకు నాకు అన్నం గూడా సయించడం లేదు.

ఒక సంగతి చెప్పాలని కూర్చున్నా. మా అంగడి పక్కన చెనిక్కాయలు అమ్మే ఆయప్ప పొట్లాలు కట్టేదానికి పాత పుస్తకాలు మూటలు మూటలు తెచ్చుకుంటాడు గదా. మొన్న ఆ మూటలో ఎర్రగుడ్డ అట్ట పుస్తకం ఒకటి నా కంటబడింది. ఇంగ్లీషుది. దాని కుట్టు సూడాల్ల నువ్వు. నేను ఇన్నేండ్ల నుంచి పుస్తకాలు కుడతాండా, అట్లాంటి పనితనం చూసింది లేదు. చింపనియ్యబుద్ధి కాలేదు. చిత్తు కాగితాలు ఒక కట్ట ఇచ్చి మారు తెచ్చుకుంటిని. ముందర పేజీలు అప్పటికే పొట్లాలై పోయినాయి, అందుకని రాసింది ఎవరో తెలీదు.

ఏం పుస్తకమో తెలుసా. స్పెయిన్ దేశం ఫాదర్లు అమెరికాలో పడమటి సముద్రం గట్టున ఒక మిషను పెట్టినారంట. దాన్ని మొదట ఎట్ల పెట్టినారు, ఎవురెవురు వచ్చి చేరినారు, ఆ కత. మీ వదినకు ‘స్పెయిన్ మిషను పుస్తకం’ అని చెప్తే, “కుట్టు మిషనా? జాకెట్టు కుట్టేది నేర్పిస్తాదా దాంట్లో?” అనింది. నవ్వి నవ్వి నాకు పొలమారింది. అది కాదే, మన పుంగనూరు దారిలో ఉండాదే, గుడీ బడీ గంటా, అట్లాంటి మిషను అంటే, “అయితే దాంతో మనకేం పని” అని లేచి పోయింది.

నేనేమో ఎస్సెల్సీ తప్పినోణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకుని దినానికి అర పేజీ నడుస్తాండా. నియోఫైట్ అంటే ఏమి? ఆ మాట పేజీకి నాలుగు తూర్లు వస్తాది. నా డిక్షనరీలో ఎన్ను అక్షరం పేజీలు చెదలు తినేసినాయి.

ఇంకో మాట. మీ వదినకు ఇప్పుడు మూడో నెల. ఎవురికీ చెప్పొద్దనింది, నీకు చెప్పకుండా ఎట్లుండేది. పోయిన ఇద్దరు బిడ్డలూ దానికి మతికొస్తాండారు. నాకు గూడా.

మీ అన్న,
కదిరప్ప.

*

కుప్పం,
25-6-1978.

గౌరవనీయులైన అన్నగారికి బుజ్జమ్మ నమస్కరించి వ్రాయునది.

ఇట్లా మొదలుపెట్టకపోతే టీచరమ్మ జాబని మీకు నమ్మకం కలగదు గదా, అందుకని. మీ జాబులో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపిద్దామనుకున్నాను. వదిన కబురు చదివినాక సిరా మూత పెట్టేసినాను. వదినను బరువులు ఎత్తనియ్యొద్దు. నీళ్ల బిందె నువ్వే మోయి. పక్కింటోళ్లు నవ్వితే నవ్వనీ.

నియోఫైట్ అంటే కొత్తగా మతంలో చేరినవాడు. మా బళ్లో పెద్ద డిక్షనరీ ఒకటి ఉంది, ఇంకా ఏమైనా మాటలుంటే వరసగా రాసి పంపించు. నేను రెండో తరగతి పిల్లకాయలకు అచ్చులు హల్లులు చెప్తుంటే, మా అన్న స్పెయిన్ దేశం ఫాదర్ల వెంట తిరుగుతున్నాడని మా టీచర్లకు చెప్పినాను. రామమూర్తి సారు అని ఒకాయన ఉన్నాడు, “మీ వాళ్లకు ఫాదర్లంటే అంత ఇష్టమా” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

నా సంగతి. డిసెంబరుతో నాకు రెండేండ్లు నిండుతాయి. ఆ తర్వాత పర్మనెంటు ఆర్డరు వస్తుంది. అది చేతికి రాగానే అమ్మను ఈడికి తెచ్చుకుని కండ్లకు వైద్యం చేయిస్తాను. పుంగనూరులో ఆ ఇంట్లో ఒక్కతే ఉండి, కండ్లు కనపడక పొయ్యి ముందర తడుముకుంటా ఉంటుందని తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. అమ్మ ఇంక కూలికి పోనక్కర్లేదని చెప్పినప్పుడు ఆమె మొహం నువ్వు చూసినావు గదా. మన ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేను. ఈ ఉద్యోగం నా ఒక్కదానిది కాదన్నా.

ఇట్లు,
నీ చెల్లెలు బుజ్జమ్మ.

*

మదనపల్లె,
6-8-1978.

అమ్మా బుజ్జమ్మా,

బిందె నేనే మోస్తాండా. పక్కింటోళ్లు నవ్వినారు, అయింది.

పుస్తకం సగానికి వచ్చినా. చదవను చదవను గుండె బరువెక్కుతాంది. ఆ మిషనులో ఒక రిజిస్టరు ఉండేదంట. వచ్చి చేరిన ఒక్కొక్కరికీ ఫాదరు నీళ్లు చల్లి కొత్త పేరు పెట్టి దాంట్లో రాసుకుంటాడు. పక్కన వాళ్ల మునుపటి పేరు. ఇంకా పక్కన సచ్చిపోయిన తేదీ. ఈ పుస్తకం రాసినాయన ఆ రిజిస్టరు చూసి మొదటి నూరు మందినీ వరసగా దించినాడు. నేను ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదువుకుంటా పోతిని. ఐదేండ్ల పిల్ల, చేరిన రెండో నెలలో పోయింది. వాళ్లమ్మ ఆ ఎండాకాలమే పోయింది. పదేండ్లు బతికినోళ్లను లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు ఎక్కువైనాయి. ఇటికలు కోసినారంట, గొర్రెలు మేపినారంట, గంట కొడితే లేచినారంట, పోయినారంట. కొందరికి మునుపటి పేరు ఉండే చోట ఒట్టి గీత ఉండాది. ఆ గీతలు చూస్తే నాకు మన తాత మతికొచ్చినాడు.

యోబు తాతను నువ్వూ నేనూ చూసిందే లేదు. నూరేండ్ల కిందట ధాత కరువులో తల్లీ తండ్రీ యాడ పోయినారో తెలీని పిల్లకాయలను ఎద్దులబండ్లో మన మిషనుకు ఎత్తుకొచ్చినారనీ, యోబు అనేది ఆడ పెట్టిన పేరనీ అమ్మ చెప్పేది. మరి అంతకు ముందర ఆయన పేరేమి? మొన్న పుంగనూరు పోయి అమ్మను అడిగితే, “మీ నాయనకే తెలీదు, నాకెట్ల తెలుస్తాది” అనింది.

ఇది ఊరికే అడిగేది కాదమ్మా. మీ వదిన సోది చెప్పే ఆమె దగ్గరికి పోయింది. నేను వద్దనలేకపోతిని. ఆమె చెయ్యి పట్టుకుని, “మీ ఇంట్లో పేరు పోగొట్టుకున్న పెద్ద ఒకడు తిరుగుతాండాడు, ఆయన పేరు ఎత్తుకుని పిలిస్తేనే బిడ్డ నిలుస్తాది” అని చెప్పిందంట. అప్పట్నుంచి మీ వదినకు అదే దిగులు. నేను నమ్ముతానా లేదా అనేది వదిలెయ్యి. ఇద్దరు బిడ్డలను ఈ చేతుల్తో పూడ్చొచ్చినోణ్ణి, మూడోదాని ముందర నాకు తెలివి నిలబడదు. మన మిషనులో గూడా రిజిస్టరు ఉంటాది గదా? దాంట్లో తాత మునుపటి పేరు రాసి పెట్టుకోకుండా ఉంటారా?

నువ్వేమంటావో రాయి.

మీ అన్న,
కదిరప్ప.

*

కుప్పం,
19-8-1978.

అన్నకు,

వద్దు. మిషనుకు పోవద్దు, ఆ రిజిస్టరు అడగొద్దు. తాత సంగతి జాబుల్లో గూడా రాయొద్దు. ఈడ నా జాబులు నా చేతికి వచ్చే లోపల ఎవరెవరి చేతులు మారుతాయో నాకు తెలీదు.

ఇది నా ఉద్యోగానికి సంబంధించింది. ఇంతకంటే కాగితం మీద రాయలేను. దసరా సెలవులకు పుంగనూరు వచ్చినప్పుడు కూర్చుని చెప్తాను. అంతవరకు నా మాట విను. వదినకు ధైర్యం చెప్పు. పేరు లేకపోతే బిడ్డ నిలవదనేది అబద్ధం అని చెప్పు. ఆస్పత్రిలో చూపించు.

కోపం తెచ్చుకోవద్దు.

బుజ్జమ్మ.

*

మదనపల్లె,
30-8-1978.

అమ్మా బుజ్జమ్మా,

కోపమేమీ లేదు. నీ జాబు చూసి కొంచెం బాధ పడితి, అంతే. నువ్వు చదువుకున్నదానివి, సోది చెప్పే ఆమె మాట రాసినందుకు సిగ్గుపడినావనుకున్నా. ఇంగ తాత సంగతి ఎత్తనులే.

అయితే నువ్వు వద్దనే లోపలే నేను ఒక పని చేసి పెట్టినా. ఏం పనో ఇప్పుడు చెప్పను. కొన్నాళ్లకు నీకే తెలుస్తాది. తెలిసినాక నువ్వే సంతోషపడతావు. మా అన్న ఎస్సెల్సీ తప్పినా ఇంగ్లీషులో అర్జీ రాసేంత మొనగాడు అనుకుంటావు.

మీ వదినను ఆస్పత్రిలో చూపించినా. బిడ్డ బాగా కదులుతాంది అన్నారు.

మీ అన్న,
కదిరప్ప.

*

కుప్పం,
4-10-1978.

అన్నా,

నీ పని తెలిసింది.

శనివారం పదకొండు గంటలకు కార్డు వచ్చింది. కవరు కాదు, కార్డు. పోస్టుమేను హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి పోయినాడు. నేను క్లాసులో ఉన్నాను. ఇంటర్వెల్లులో స్టాఫు రూముకు పోయేసరికి రామమూర్తి సారు దాన్ని చేతిలో పట్టుకుని అందరికీ చదివి వినిపిస్తున్నాడు. నేను గడపలో నిలబడే విన్నాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో పెడితే ఇట్లా ఉంది:

“మీ అన్నగారు కదిరప్ప మీ తరపున పంపిన అర్జీ అందినది. మీ తాతగారైన యోబుగారి బాప్తిస్మపు వివరము మా రిజిస్టరులో కనబడినది. మా సంఘపు బిడ్డల సంతతి ఇప్పుడు ఉపాధ్యాయురాలిగా ఉండుట మాకెంతో సంతోషము. వచ్చి చూచుకొనవచ్చును.”

చదివేసి నా చేతికిచ్చి, “శుభవార్త తల్లీ” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

దసరాకు నేను రావడం లేదు. ఇప్పుడు దాచేదానికి ఏమీ లేదు, రాస్తున్నాను. నాకు ఈ ఉద్యోగం వచ్చింది మన కులం సర్టిఫికెట్టు మీద. దాంట్లో హిందువు అని ఉంది. మన కులంలో పుట్టినా కిరస్తానం కలిసినోళ్లకు ఆ కోటా లేదు, అది రూలు. వాళ్లది వేరే లిస్టు, ఆ లిస్టులో నాకు ఉద్యోగం వచ్చి ఉండేది కాదు. నాయన ఆ సర్టిఫికెట్టు కోసం తాలూకాఫీసుకు ఎన్ని నెలలు తిరిగినాడో నువ్వు చూడలేదు, మదనపల్లెలో ఉన్నావు. చచ్చిపోయే ముందర నాకు ఒకటే చెప్పినాడు: “తాత మాట యాడా ఎత్తొద్దు.” నీకు చెప్పమని చెప్పలేదు. నీకు చెప్పి ఉంటే ఈ కార్డు వచ్చేది కాదు. ఆ తప్పు నాది.

మనం అబద్ధం చెప్పలేదన్నా. నాయన చర్చి మెట్టెక్కి ఎరగడు. అమ్మ గంగమ్మకు పొంగలి పెట్టని ఏడు లేదు. కానీ కార్డు ఇంగ్లీషు టైపులో, సీలుతో ఉంది. మన మాటకు సీలు లేదు.

నా అడ్రసు యాల ఇచ్చినావన్నా?

బుజ్జమ్మ.

*

మదనపల్లె,
20-10-1978.

తల్లీ బుజ్జమ్మా,

నాకు ఆ రూలు తెలీదు. నాయన మీద ఒట్టు, నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా నీకు కోటాలో ఉద్యోగం వచ్చిందనేది ఒక్కటే. అది ఇట్ల పీకేసే కోటా అని ఎవురూ చెప్పలేదు.

నీ అడ్రసు యాల ఇస్తినంటే, నేను ఉండేది అంగడి వెనక గది, దానికి డోరు నంబరు లేదు. జవాబు ఇంగ్లీషులో వస్తే నువ్వయితే సరిగ్గా చదువుతావనుకుంటిని. ‘మా చెల్లెలు టీచరు’ అని రాస్తే మిషనోళ్లు మర్యాదగా చూస్తారనుకుంటిని. నిజం చెప్పాలంటే, ఆ మాట ఇంగ్లీషులో రాసేటప్పుడు నాకు గర్వంగా ఉండె. మూడు కాగితాలు పాడు చేసి నాలుగోది బాగా కుదిరితే పంపితిని.

నీ జాబు రాగానే మిషనుకు పోతిని. అర్జీ వెనక్కి ఇచ్చేయండి, మేము మీ వాళ్లం కాదు, ఆ యోబు వేరే యోబు అని చెప్పేదానికి పోతిని. ఆడ ఒక ముసలాయన ఉండాడు, మంచోడు. నేను చెప్పేది వినకుండానే నాకు కుర్చీ వేసి, రిజిస్టరు తెచ్చి ముందర పెట్టినాడు. నూరేండ్ల పుస్తకం. కుట్టు తెగి పేజీలు జారిపోతాండాయి. ఆయన సంతోషంగా పేజీ తిప్పి వేలు పెట్టి చూపించినాడు.

నీకు ఇప్పుడు ఇది రాయొచ్చో లేదో తెలీదు. అయినా దాచను, దాచి దాచి ఇంతవరకు తెచ్చుకుంటిమి. ఆ దినం బండ్లో వచ్చిన పిల్లకాయలు ఐదుగురు. వరసగా రాసినారు. కొత్త పేర్లు నోవహు, లోతు, యోబు, యోనా, దానియేలు. పక్కన ‘మునుపటి పేరు’ అని గీత గీసి, దొర చేతిరాతతో ఐదుగురికీ ఒకటే ఉండాది: Yalappa. ఎల్లప్ప. ఎల్లమ్మ మొక్కుబడికి పుట్టినోళ్లేమో, ఒకే ఊరోళ్లేమో, మన పక్క ఎల్లప్పలకు కొదవ లేదు గదా. మన తాత మూడోవాడు. వయసు సుమారు ఏడు.

నీ బతుకు కూల్చిన కాగితం ముందర కూర్చుని, ఒక్క నిమిషం నేను సంతోషపడితి తల్లీ. మనిషినేనా నేను అనిపించింది.

విచారణ ఏమైనా పెడితే నేను వచ్చి చెప్తా. అర్జీ అబద్ధం, నేను తాగి రాసినా అని చెప్తా. జైల్లో పెట్టినా సరే.

నీ అన్న,
కదిరప్ప.

*

కుప్పం,
9-12-1978.

అన్నకు,

రామమూర్తి సారు పెటిషను పెట్టినాడు. ఆయన తమ్ముడి కొడుకు మా పంచాయతీ సమితిలోనే వెయిటింగు లిస్టులో ఉన్నాడంట. నాకు సస్పెన్షను ఆర్డరు వచ్చింది. ఈ నెలలో రావాల్సింది వేరే ఆర్డరు.

నువ్వు రావొద్దు. తాగి రాసినా అని చెప్తే నీ సంతకం చూపిస్తారు. నాలుగోసారి బాగా కుదిరిన సంతకం.

విచారణకు కావలసింది ఒకటే: తాత కిరస్తానం కలిసినాక, నాయన తిరిగి హిందువైనట్టు కాగితం. అట్లాంటి కాగితం ఎవరిస్తారన్నా? నాయన ఏ దినం తిరిగి వచ్చినాడు? ఆయన యాడికీ పోయిందే లేదు గదా.

రెండో తరగతి పిల్లకాయలు దోవలో కనపడితే నమస్తే టీచర్ అంటున్నారు. వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను ఇప్పుడు ఆ దోవన పోవడం మానుకున్నాను.

ఆ పుస్తకం గురించి నాకు ఇంకెప్పుడూ రాయొద్దు.

బుజ్జమ్మ.

*

పుంగనూరు,
14-1-1979.

తల్లీ బుజ్జమ్మా,

అమ్మ దగ్గర కూర్చుని రాస్తాండా. మీ వదినా బిడ్డా ఉగాది దాకా ఈడనే ఉంటారు. మీ వదినకు మగబిడ్డ పుట్టి ఇరవై మూడు దినాలు. ఇంతకు ముందర రాయలేదు. పోయిన ఇద్దరూ ఇరవై దినాలు దాటలేదు గదా. ఇరవై దాటనీ అని ఊపిరి బిగబట్టుకుని ఉంటిమి. దాటినాది. పాలు తాగుతాండాడు. ఏడుపు వీధి చివరికి వినపడతాది.

ఎల్లప్ప అని పేరు పెట్టినాము. మీ వదిన వాణ్ణి ఆ పేరు ఎత్తి పిలిచినప్పుడల్లా, ఆ మొహంలో నేను ఈ ఆరేండ్లలో చూడని నిమ్మళం ఉండాది. అమ్మ చూపు ఆనక, వాని మొహం తడిమి చూసి, “మా మామ వచ్చినాడు” అనింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చుకుంటి.

పుస్తకం గురించి రాయొద్దన్నావు. ఒకటే రాసి వదిలేస్తా. దాన్ని తిరిగి చెనిక్కాయల అంగట్లో ఇచ్చేసినా. నా కండ్ల ముందరే ఒక్కొక్క పేజీ చింపి పొట్లాలు చుట్టినాడు.

విచారణ ఎప్పుడో రాయి. నువ్వు రాయకపోతే మాకు తెలిసేది ఎట్ల. అమ్మ నిన్ను అడుగుతాంది. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. పర్మనెంటు అయితానే కుప్పం తీసకపోతానన్నావని రెండు చీరలు మడిచి మూట కట్టి పెట్టుకోనుండాది.

నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

నీ అన్న,
కదిరప్ప.

*

కుప్పం,
11-3-1979.

అన్నా,

ఉద్యోగం తీసేసినారు. నిన్న కాగితం చేతికిచ్చినారు. మళ్లీ ఏ గవర్నమెంటు ఉద్యోగానికీ అర్జీ పెట్టుకోకుండా గూడా రాసినారు. ఇది నువ్వు అనుకునే ఉంటావు.

విచారణ పోయిన నెలలో అయింది. అది నీకు చెప్పాలా వద్దా అని మూడు వారాలు ఊగులాడినా. ఈ జాబు నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. వదినకు చదివి వినిపించొద్దు.

విచారణకు వచ్చిన ఆఫీసరు కోస్తా ఆయన. గట్టిగా మాట్లాడలేదు, కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించినాడు. ఒక పక్క ఆయన క్లార్కు, ఇంకో పక్క హెడ్మాస్టరు, కిటికీ దగ్గర రామమూర్తి సారు. నేను చెప్పాలనుకుని పోయిన మాటలన్నీ రాత్రి అంతా బట్టీ పట్టినా. కుర్చీలో కూర్చోగానే ఒక్కటీ మిగల్లేదు.

ఆయన కాగితం మీద తల వంచుకునే, “మీ తాతగారి అసలు పేరేమిటి?” అన్నాడు.

నా నోట్లోంచి వచ్చేసింది. “యాల సార్?”

అంతే అన్నా. పన్నెండేండ్లు చదువుకుని, పుస్తకాల తెలుగు నేర్చుకుని, పిల్లకాయలకు నేర్పించి, భయమేసినప్పుడు నాకు వచ్చింది మనింటి మాటే. ఆయన పెన్ను కదిలించినాడు. “యాల” అని రాసినాడు. తలెత్తి, “యాల... తర్వాత? పూర్తి పేరు చెప్పండమ్మా” అన్నాడు.

క్లార్కు మన సీమ మనిషి. ఆఫీసరు చెవి దగ్గరికి వంగి, “పేరు కాదండీ, ఎందుకు అని అడుగుతోంది” అన్నాడు. ఆయన నవ్వి, రాసింది కొట్టేసినాడు. నాకు నవ్వు రాలేదు. నాకు ఆ రిజిస్టరు పేజీ కండ్ల ముందరకు వచ్చింది, నువ్వు జాబులో దించి పంపిన పేజీ.

బండ్లోంచి దింపినారు. ఐదుగురు పిల్లకాయలు, అన్నం లేనోళ్లు, అమ్మ యాడుందో తెలీనోళ్లు. దొర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మొదటోణ్ణి నీ పేరేమి అన్నాడు. వాడు భయపడి, “యాలప్పా?” అన్నాడు. దొర రాసుకున్నాడు. రెండోవాణ్ణి అడిగినాడు. “యాలప్పా?” మూడోవాడు మన తాత. ఏడేండ్లు.

ఆ పక్కన క్లార్కు ఎవరూ లేరు.

ఎల్లప్ప కాదన్నా. ఐదుగురికీ ఒకే పేరు ఎట్ల ఉంటాదని నువ్వూ నేనూ ఒక్క నిమిషం నిలబడి ఆలోచించుంటే అప్పుడే తెలిసేది. మన తాత పేరు ఆ రిజిస్టరులో లేదు. యాడా లేదు. ఆయనకే మతికుందో లేదో.

నీకు ఒక నిజం చెప్తా. నీ సంక్రాంతి జాబు వచ్చినప్పట్నుంచి నేను ఎట్ల నెట్టుకొచ్చినానంటే, పోతే పోయింది ఉద్యోగం, తాత పేరు దొరికింది, ఆ పేరుతో బిడ్డ నిలిచినాడు అనుకుంటా. పొద్దన లేస్తానే అదే చెప్పుకుంటి. నీ మీద కోపం గూడా దాంతోనే అణుచుకుంటి. విచారణ రూములో ఆ ఒక్కటీ పోయింది. ఉద్యోగం పోయిందని నిన్న కాగితం ఇస్తే నాకు ఏమీ అనిపించలేదు.

వదినకు చెప్పొద్దు. అమ్మకు చెప్పొద్దు. ఆమె కండ్ల సంగతి నేను ఇంక చేసేదేమీ లేదని నువ్వే ఎట్లనో చెప్పు, నా చేత కాదు.

ఇల్లు ఖాళీ చేస్తాండా. ఆదివారం పలమనేరు మీద బస్సులో పుంగనూరు వస్తాండా. సామాను ఎక్కువ లేదు, నువ్వు స్టాండుకు రావొద్దు. నేరుగా ఇంటికి వస్తా. వదిన గడపలోనే బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెడతాది, మీ అత్త వచ్చింది చూడు అంటాది. పిలువు, పేరు పెట్టి పిలువు అంటాది. వాణ్ణి ఏమని పిలవాల్నో నాకు తెలీడం లేదన్నా.

బుజ్జమ్మ.